మా నాన్నగారి వ్యాసాలకు పత్రిక అనుమతి: నా అనుభవం

మా నాన్నగారు 2022 ఆగస్టులో పోయారు. సంవత్సరీకం నాటికి, ఆయన పత్రికల్లో రాసిన వ్యాసాలను ఒక పుస్తకంగా వేసి బంధువులకూ ఆయన పాత స్నేహితులకూ పంచాలని అమ్మ, తమ్ముడు, నేను అనుకున్నాము. పుస్తకం చేతికి వచ్చింది మాత్రం 2024 జూన్‌లో. టైపు చేయించడానికి, ప్రూఫులు దిద్దడానికి, అచ్చుకు అన్నీ కలిపి నాలుగు నెలలు పట్టి ఉంటుంది. మిగిలిన కాలమంతా అనుమతి కోసం తిరగడంలోనే గడిచింది. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినదాన్ని, ఉత్తరం రాయడం నాకు చేతకాని పని కాదు. అయినా మొదటి ఏడెనిమిది నెలలు ఎవరికి రాయాలో, అసలు ఏమని అడగాలో తెలియకుండానే రాశాను. తండ్రి రాతలనో తాత రాతలనో పుస్తకంగా తెద్దామనుకునేవారు కొందరైనా ఉంటారు కనుక జరిగింది జరిగినట్టు తేదీలతో సహా చెబుతున్నాను. పత్రికల పేర్లు చెప్పడం లేదు. నాకు ఎదురైన ఇబ్బందుల్లో చాలావరకు ఏ ఒక్కరి దురుద్దేశం వల్లా కలిగినవి కావు.

నాన్నగారు 1976లో రేపల్లెలో ఒక పెద్ద దినపత్రికకు పార్ట్‌టైమ్ విలేకరిగా మొదలుపెట్టి, 1979లో అదే పత్రిక విజయవాడ డెస్కులో సబ్ ఎడిటరుగా చేరి, 1998లో రిటైరయ్యారు. తర్వాత ఏడేళ్లపాటు మరో దినపత్రికకు బయటి రచయితగా వ్యాసాలు రాశారు. ఆ పత్రిక ఇప్పుడు లేదు. అప్పుడప్పుడు ఒక వారపత్రికకూ రాసేవారు. వీటన్నిటిలోంచి నేను 64 వ్యాసాలు ఏరాను: పెద్ద పత్రికవి 41, మూతపడిన పత్రికవి 15, వారపత్రికవి 8. ఇవన్నీ మాకు దక్కింది మా నాయనమ్మ వల్ల. ఆవిడ రేపల్లెలో ఉండి, కొడుకు పేరు కనబడిన ప్రతి ముక్కనూ కత్తిరించి, మైదా జిగురుతో పాత ఖాతా పుస్తకంలో అంటించేది. ఆవిడకు చదువు అంతంతమాత్రం. పేరు గుర్తుపట్టి కత్తిరించేది తప్ప తేదీ రాసిపెట్టాలన్న ఆలోచన ఆవిడకు ఎందుకు వస్తుంది?

వారపత్రిక సంగతి రెండు ముక్కల్లో అయిపోయింది. ఈమెయిల్ పంపిన నాలుగో రోజున, నిరభ్యంతరంగా వేసుకోవచ్చు, మా పత్రికలో వచ్చిన తేదీ ఇస్తే చాలు అని సంపాదకులు జవాబిచ్చారు. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని నేను అనుకోవడమే నా మొదటి పొరపాటు.

పెద్ద పత్రికకు మొదటి ఉత్తరం 2023 జనవరి 18న, సంపాదకుల పేరున మామూలు పోస్టులో పంపాను. నెల రోజులు చూశాను. జవాబు లేదు. ఫిబ్రవరి 20న అదే ఉత్తరాన్ని రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో పంపితే, వారం తిరగకుండా ఆ కార్డు రబ్బరు ముద్రతో వెనక్కి వచ్చింది గాని ఉత్తరానికి జవాబు రాలేదు. మార్చిలో ఫోన్లు మొదలుపెట్టాను. సంపాదక విభాగం వారు పాత సంచికల విభాగానికి కలిపారు; అక్కడివారు నేను పాత పేపరు కొనుక్కోవడానికి అడుగుతున్నాననుకొని ఒక్కో ప్రతికి ఎంతవుతుందో చెప్పారు; హెచ్‌ఆర్ వారు పింఛను తగాదా అనుకున్నట్టున్నారు, చాలా జాగ్రత్తగా మాట్లాడారు. 'పునర్ముద్రణకు అనుమతి' అన్న మాట ఎవరి బల్ల మీదకు వెళ్లాలో ఆ సంస్థలోనే ఎవరికీ స్పష్టంగా తెలియదని ఆరో ఫోనుకు గాని నాకు అర్థం కాలేదు.

ఏప్రిల్ 11న తెల్లవారుజామున రైలెక్కి హైదరాబాదు ఆఫీసుకే వెళ్లాను. రిసెప్షన్ రిజిస్టరులో పేరు, ఊరు, ఎవరిని కలవాలి, పని అని నాలుగు గడులు ఉన్నాయి. మూడో గడిలో ఏమి రాయాలో తెలియక ఖాళీ వదిలితే, అక్కడున్న అమ్మాయి, "ఎవరో ఒకరి పేరు రాయండి మేడమ్, లేకపోతే పాస్ ప్రింటు కాదు" అంది. నాన్నగారి పాత సహోద్యోగి ఒకరి పేరు రాశాను. ఆయన రిటైరై పదేళ్లయిందట. రెండున్నర గంటలు కూర్చున్నాక లీగల్ విభాగం నుంచి ఒకాయన వచ్చి, కాఫీ తెప్పించి, నాన్నగారి పేరు తాను విన్నానని చెప్పి, ఒక జాబితా అడిగారు: ఒక్కో వ్యాసానికి శీర్షిక, ప్రచురించిన తేదీ, ఎడిషన్, పేజీ సంఖ్య. అవి లేకుండా ఫైలు తెరవడం కుదరదన్నారు. మర్యాదగానే చెప్పారు. ఖాతా పుస్తకంలో తేదీ ఉన్నవి 41లో 14 మాత్రమేనని ఆయనకు చెప్పలేకపోయాను.

ఆ వేసవి అంతా తేదీల వేటే. కటింగును వెలుతురుకు పట్టుకొని వెనకవైపు ఏముందో చూడటం అలవాటైంది. బంగారం ధర, వేలం ప్రకటన, ఎవరిదో పెద్దకర్మ ఆహ్వానం, ఎండాకాలమా వానాకాలమా చెప్పే వాతావరణ వార్త, ఇలా ఏ చిన్న ఆధారమైనా పనికొచ్చేది. ఒక దాని వెనక భారత జట్టు ప్రపంచ కప్పు గెలిచిన వార్త సగం తెగి ఉంది. ఫైనల్ జరిగింది 1983 జూన్ 25న కదా, కాబట్టి పేపరు 26వ తేదీది అని ధైర్యంగా జాబితాలో వేసేశాను. తర్వాత వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లి ఆ నెల సంపుటం తీయించి చూస్తే 26న ఆ వ్యాసమే లేదు. మొదట ఆశ్చర్యపోయాను, తర్వాత నాన్నగారు రాత్రి డ్యూటీల గురించి చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. మ్యాచ్ ముగిసేసరికి మనకు దాదాపు అర్ధరాత్రి అయింది. రేపల్లె వైపు వెళ్లే డాక్ ఎడిషన్, అంటే దూరపు ఊళ్ల కోసం ముందుగా వేసే ఎడిషన్, అంతకంటే ముందే అచ్చుకు ఎక్కేసేది. కాబట్టి ఆ వార్త మా నాయనమ్మ చేతికి చేరింది 27వ తేదీ పేపరులో. పేజీ తిప్పితే 27న వ్యాసం ఉంది, దాని వెనక కప్పు కూడా ఉంది. ఆ గ్రంథాలయం 1918 నాటిది, పాత పత్రికలకు పేరుపడినది. అక్కడ రెండు విడతలుగా ఐదు రోజులు కూర్చున్నాను. పొడిచేతులతో, ఒక్కో పేజీని రెండు చేతుల మీద తిప్పాలి. అంచు ముట్టుకుంటే పొట్టులా రాలుతుంది. మిగిలినవాటికి విజయవాడలో, గుంటూరులో వెదికాను. 27 తేదీల్లో 24 దొరికాయి. దొరకని మూడింటికి నెల, సంవత్సరం మాత్రమే ఇచ్చి, కటింగు జిరాక్సు జతచేశాను.

జులై 24న జాబితా అందజేశాను. సంవత్సరీకానికి పుస్తకం రాదని అప్పటికే తెలిసిపోయింది. సెప్టెంబరు 5న ఈమెయిల్‌లో జవాబు వచ్చింది. వ్యాసానికి 1,500 రూపాయల చొప్పున 41 వ్యాసాలకు 61,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 11,070, మొత్తం 72,570 రూపాయలు ముందుగా చెల్లిస్తే ఒక్క ముద్రణకు, 500 ప్రతులకు అనుమతి ఇస్తామని, ఈ-బుక్కుకూ అనువాదానికీ అది వర్తించదని అందులో ఉంది. డబ్బు కంటే కూడా అందులోని 'మా సంస్థకు చెందిన రచనలు' అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. అమ్మ కాసేపు ఊరుకొని, "నైట్ డ్యూటీ చేసి వచ్చి, పొద్దున నేను కాఫీ ఇచ్చేదాకా ఈ బల్ల మీదే కూర్చుని రాసేవారు. అవి వాళ్లవి ఎట్లా అయినయ్యే?" అంది. నాకూ తెలియదు. బేరమాడి తగ్గించుకుందామా, 41లో 20 తీసేద్దామా అని నాలుగు రోజులు లెక్కలు వేశాను. నాన్న వ్యాసాల్లో ఏది 1,500 చేస్తుంది, ఏది చేయదు అని వేరుచేస్తూ కూర్చోవడం ఎంత ఇబ్బందిగా ఉంటుందో చేసినవారికే తెలుస్తుంది.

తమ్ముడి స్నేహితుడు ఒక అడ్వొకేటు విజయవాడలోనే ఉన్నారు. మూడు వేలు ఫీజు తీసుకొని ఆయన చేసిన పని, నేను జనవరిలోనే చేసి ఉండవలసినది. కాపీరైట్ చట్టం, 1957 తెరిచి సెక్షన్ 17 చదివి వినిపించారు. పత్రికలో జీతానికి పనిచేసే ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా, ఆ పత్రికలో ప్రచురణ కోసం రాసిన రచనకు, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లోనూ మ్యాగజైన్లలోనూ ప్రచురించుకునే మేరకే యజమాని హక్కుదారు. మిగిలిన అన్ని విషయాల్లో మొదటి హక్కుదారు రాసినవాడే. పుస్తకం ఆ 'మిగిలిన' దాంట్లోకే వస్తుంది. రాసినవారు పోయాక ఆ హక్కు వారసులకు వస్తుంది, మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు ఉంటుంది. అంటే మా విషయంలో 2082 ఆఖరు దాకా. నేను ఎనిమిది నెలలుగా అడుగుతున్న అనుమతిలో చాలా భాగం మా ఇంట్లోనే ఉందన్నమాట.

అయితే ఆయన వెంటనే మరో మాట అన్నారు: "వేరే ఒప్పందం లేనప్పుడు అని ఉంది కదండీ. మీ నాన్నగారి అపాయింట్‌మెంట్ ఆర్డరు చూపించండి." ఇప్పుడు ఉద్యోగంలో చేరేవారి చేత సర్వహక్కులూ సంస్థవేనని సంతకం చేయించుకోవడం మామూలేనట. నాన్నగారి ట్రంకుపెట్టె దించాము. పాలేకర్ అవార్డు (పత్రికా ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు) ప్రకారం జీతం సవరించిన కాగితం దొరికింది, వార్తలు తంతిలో పంపడానికి విలేకరులకిచ్చే ప్రెస్ టెలిగ్రాం కార్డు దొరికింది, సైకిల్ అలవెన్సు గురించి రాసిన మూడు అర్జీలు దొరికాయి. ఆర్డరు మాత్రం నాలుగో రోజున, నా పదో తరగతి మార్కుల జాబితాతో కలిపి మడిచిన కవరులో కనబడింది. ఒకే పేజీ. జీతం, ప్రొబేషన్ కాలం, సంపాదకుల అనుమతి లేకుండా ఇతర పత్రికలకు రాయరాదన్న షరతు, అంతే. రచనల హక్కుల గురించి ఒక్క అక్షరం లేదు. ఆ కాగితం పోయి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను, కాబట్టి ఇంట్లో అలాంటి కాగితం ఉంటే ముందు దాన్ని వెదకమని మాత్రం చెబుతాను.

అక్టోబరు 9న అడ్వొకేటు రాసిన ఉత్తరం, ఆర్డరు నకలు జతచేసి పంపాము. అందులో ఎక్కడా నోటీసు భాష లేదు. అలా రాయవద్దని నేనే బతిమాలాను, ఎందుకంటే ఫొటో కాపీల కోసం మళ్లీ వారి దగ్గరికే వెళ్లాలి. నవంబరు 30న జవాబు వచ్చింది. నాన్నగారి పేరుతో వచ్చిన 38 వ్యాసాల పాఠానికి తమకు అభ్యంతరం లేదు, రుసుము అక్కరలేదు. కాని పేజీని ఉన్నదున్నట్టు ఫొటో తీసి వేయకూడదు, పత్రిక లోగో కనబడకూడదు, తమ ఫొటోగ్రాఫర్లు తీసిన నాలుగు ఫొటోలకు ఒక్కోదానికి వెయ్యి, జీఎస్టీతో 4,720 రూపాయలు కట్టాలి. ఫొటోలకు హక్కులు విడిగా ఉంటాయని నేను తలచనే లేదు. కట్టాను. డబ్బు కట్టిన తర్వాత వారు పంపింది అనుమతి పత్రమే గాని ఫొటో కాదు. పాత నెగటివులు లేవట. అచ్చు పేజీ నుంచే స్కాన్ చేయించుకున్నాము, చుక్కలు చుక్కలుగా వచ్చింది.

మూడు వ్యాసాలకు ఒక కార్టూనిస్టు గీసిన బొమ్మలు ఉన్నాయి. ఆయన ఉద్యోగి కాదు, బొమ్మకింత అని తీసుకున్నవారు కనుక వాటి హక్కు పత్రిక ఇచ్చేది కాదని అడ్వొకేటు చెప్పారు. ఆయన చిరునామా పట్టుకోవడానికి మూడు వారాలు, ఒప్పుకోవడానికి మూడు నిమిషాలు. ఎనభై దాటిన ఆయన ఫోనులో, "అమ్మా, ఆ రెండో బొమ్మలో ఎద్దుకు మూడు కాళ్లే ఉంటాయి చూడు. బొమ్మ తీసుకెళ్లే కుర్రాడు బస్సుకు టైమవుతోందని నా పక్కనే నిలబడ్డాడు. నాలుగో కాలు వేసి పంపిస్తా, అది వేసుకో" అన్నారు. నిజంగానే గీసి పంపించారు. ఆయన సమ్మతిని కాగితం మీద రాయించుకోవడానికి నాకు మొహమాటమేసింది గాని, రాయించుకున్నాను.

మూతపడిన పత్రిక గురించి నేను పడ్డ భయం వేరు. అడగడానికే ఎవరూ లేరు. పాత సంచిక చివరి పేజీలో అడుగున ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు అని చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. అందులోని కంపెనీ పేరును కంపెనీల రిజిస్ట్రార్ వెబ్‌సైట్‌లో వెదికితే 'స్ట్రైక్ ఆఫ్', అంటే రిజిస్టరు నుంచి కొట్టేశారు, అని వచ్చింది. రికార్డులో ఉన్న చిరునామాకు ఉత్తరం పంపితే పోస్టుమాన్ రాతతో వెనక్కి వచ్చింది. ఆ 15 వ్యాసాలు వదిలేద్దామనే అనుకున్నాను. కాని నాన్నగారు అక్కడ ఉద్యోగి కాదు. బయటి రచయిత తన హక్కును రాతపూర్వకంగా, సంతకం పెట్టి బదిలీ చేస్తే తప్ప అది పత్రికకు పోదు. 'ప్రచురితమైన రచనలపై సర్వహక్కులు మావే' అని పత్రిక తనంతట తాను ఒక మూల అచ్చు వేసుకున్నంత మాత్రాన సరిపోదు. మా దగ్గర ఉన్నవి పారితోషికం 150 రూపాయల మనియార్డరు కూపన్లు పదకొండు. ఏ కూపను మీదా హక్కుల ప్రస్తావన లేదు. వెనక్కి వచ్చిన కవరును తెరవకుండా అలాగే ఫైలులో దాచమని అడ్వొకేటు చెప్పారు. మనం అడిగామనడానికి అదే సాక్ష్యమట.

ఇక పెద్ద పత్రికవి 41లో మిగిలినవి మూడు వార్తా కథనాలు. నిజానికి ఈ పుస్తకం వేయాలనిపించింది వాటి కోసమే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత రేపల్లె వైపు ఊళ్ల నుంచి నాన్నగారు పంపినవి. అప్పుడు ఆయన పార్ట్‌టైమ్ విలేకరి; కథనం మీద పేరు లేదు, 'మా విలేకరి' అని మాత్రమే ఉంది. ఆయనే రాశారనడానికి ఆధారమేమిటని పత్రిక అడిగింది. తప్పు పట్టలేను. ఆ రోజుల్లో ఆయన వాడిన నోటుబుక్కులో పెన్సిలుతో రాసిన మొదటి ప్రతి ఉంది. సగం పేజీలు తడిసి అక్షరాలు అలికినట్టు ఉన్నాయి, ఒకచోట 'లారీ డ్రైవరు చేతికిచ్చితిని' అని పక్కన రాసుకున్నారు. ఆ పేజీలను, టెలిగ్రాం కార్డును, అచ్చయిన కథనాలను పక్కపక్కన పెట్టి, ఏ వాక్యం ఎక్కడ సరిపోతుందో గుర్తులు పెట్టి 2024 జనవరి 8న పంపాను. అచ్చులో రెండు పేరాలు తీసేశారని అప్పుడే చూశాను. తీసేసిన వాటిలో ఒకటి, చెట్టు మీద మూడు రాత్రులు గడిపిన ఒక ముసలాయన తన ఎడ్ల పేర్లు చెప్పడం.

ఫిబ్రవరి 19న వారు రెండు కాగితాలు కోరారు. ఒకటి వారసులందరి సమ్మతి, దానితో పాటు తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. రెండోది, ఆ కథనాలు తమవని రేపు మరెవరైనా వస్తే బాధ్యత నాదేనని వంద రూపాయల స్టాంపు పేపరు మీద పూచీకత్తు. సర్టిఫికెట్ కోసం మేము ఏడాది క్రితం బ్యాంకు పనికి తీసుకున్నదే పనికొచ్చింది, లేకుంటే మరో ఐదు వారాలు పట్టేది. తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు; స్కాన్ చేసిన సంతకం చెల్లదన్నారు కనుక అసలు కాగితం కొరియరులో వచ్చేసరికి పంతొమ్మిది రోజులు. అమ్మ తెలుగులో సంతకం పెట్టి, కాగితం ఆరేదాకా ఫ్యాను ఆపించింది. పూచీకత్తు మీద సంతకం పెట్టే ముందు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నవేనని నాకు తెలుసు. తెలిసినదానికి హామీ రాయడానికి ఎందుకు భయం వేసిందో ఇప్పటికీ చెప్పలేను.

మార్చి 27న తుది అనుమతి వచ్చింది. మొదటి ఉత్తరం రాసిన నాటి నుంచి పద్నాలుగు నెలల తొమ్మిది రోజులు. ఖర్చు: అడ్వొకేటుకు 3,000, ఫొటోలకు 4,720, స్టాంపు పేపర్లకూ నోటరీకీ 800, ప్రయాణాలు, తపాలా, జిరాక్సులు కలిపి 7,500, మొత్తం 16,020 రూపాయలు. తమ్ముడి కొరియరు ఖర్చు ఇందులో లేదు, అడిగితే చెప్పలేదు.

ఉప్పెన కథనాల విషయంలో వారు ఒక షరతు పెట్టారు: అచ్చయినది అచ్చయినట్టే ఉండాలి, తీసేసిన పేరాలు అందులో కలపకూడదు, కింద 'మా విలేకరి' అన్న మాట మార్చకూడదు. అలాగే వేశాము. నోటుబుక్కు మాత్రం పూర్తిగా మాదే కనుక, ఎడ్ల పేర్లున్న ఆ పెన్సిలు పేజీని ఎదుటి పేజీలో బొమ్మగా వేశాము. తానే రాశానని నాన్నగారు చెబుతూ వచ్చిన, సంతకం లేని ఐదు సంపాదకీయాలకు ఏ రుజువూ దొరకలేదు. వాటిని పుస్తకంలో చేర్చక, మళ్లీ ట్రంకులో ఆర్డరు కాగితం పక్కన పెట్టాను.